నల్లియు మంచమును

నీచులతోడి పొత్తు ఎంతటివానికైనను కీడు తెచ్చుననుటకు సుమతీశతకకారుఁడు నల్లిని దృష్టాంతముగాఁ గొనెను. కుట్టునది నల్లి, దెబ్బలు తినునది మంచము. కడచిన వేసవికి ముందు నేను ఏడవ తరగతి పిల్లలకు ఈ పద్యము చెప్పి, తాత్పర్యము వ్రాయించి, పై పాఠమునకుఁ బోవుచుండఁగా వెనుకబల్లమీఁది పిల్లవాఁ డొకఁడు లేచి, “మాస్టారూ, మంచాన్ని కొడితే నల్లి చస్తుందా?” అని యడిగెను. తక్కిన పిల్లలు ఫక్కున నవ్విరి. నాకు నవ్వు రాలేదు. వాని మోచేతిమీఁద వరుసగా మూఁడేసి దద్దురులు నాకుఁ గానవచ్చినవి. వాఁడు పద్యమును గూర్చి యడుగలేదు. తన యింటిని గూర్చి యడిగినాఁడు.

ఆ దినమున నేను తగిన యుత్తరము చెప్పలేకపోతిని. తరువాత ఈ విషయమై చదివినదానిని, మా యింటనే పడిన పాట్లను గలిపి యిక్కడ వ్రాయుచున్నాను. చదువరులలో నల్లిమాట యెత్తినంతనే మొగము చిట్లించువారు కొందఱుందురు. ఆ చిట్లించుటయే యీ వ్యాసమునకు ముఖ్యకారణము.

శతకపద్యము నీతికొఱకుఁ జెప్పఁబడినదే యైనను, చరిత్ర వెదకువానికది సాక్ష్యముగాఁ గూడ పనికివచ్చును. ఆ కవినాఁటికి తెలుఁగిండ్లలో నల్లి యుండెననియు, మంచమును మోఁది దానిని రాల్చు నలవాటు ఎల్లవారికిఁ దెలిసినదే యనియు దానివలన నేర్పడుచున్నది. తెలియనిదానితో దృష్టాంతము చెప్పినచో ఎవరికి బోధపడును? నా చిన్నతనమునఁ గూడ మా యమ్మమ్మ యింట నులకమంచము లుండెడివి. నెల కొకమాఱు వానిని పెరటిలోనికి మోసికొనిపోయి, కోళ్లను బండమీఁద మోఁదెడివారు. పట్టె కోడులోనికి దూఱు బెజ్జములనుండి పురుగులు రాగిగింజలు చల్లినట్లు రాలి నలువైపుల పరుగిడెడివి. వెంటనే మరుగునీళ్లు పోసెడివారు. అప్పటి యా వెగటువాసన నాకు నేఁటికిని జ్ఞాపకమున్నది.

సంస్కృతమున నల్లికి మత్కుణమని పేరు. పంచతంత్రమున మందవిసర్పిణి యను పేను రాజుగారి పడకబట్టలలో చిరకాలము గుట్టుగా బ్రదుకుచుండెను. అగ్నిముఖుఁడను మత్కుణము అతిథిగా వచ్చి, రాజు గాఢనిద్ర పోవువఱకు తాళుమని పేను బ్రతిమాలినను వినక ముందే కఱచెను. రాజు లేచెను, సేవకులు వెదకిరి, నల్లి మంచపుసందున దాఁగి తప్పించుకొనెను, బట్టలో నున్న పేను దొరకి చచ్చెను. ఈ కథ కల్పించినవాఁడెవఁడో కాని పురుగులను తన కన్నులతోఁ జూచినవాఁడు. పేను బట్టను, శరీరమును విడిచి పోనేరదు. నల్లి యట్లు కాదు. అది మనమీఁద కాపురముండదు. చీఁకటిలో వచ్చి, అయిదు పది నిమిషములు నెత్తురు త్రాగి, మరల కొయ్యసందునకో గోడపగులునకో పోయి దాఁగును. పాశ్చాత్య విద్వాంసులు సూక్ష్మదర్శినులతోఁ దేల్చిన యీ భేదమును మనవారు కథలోఁ జొప్పించి పిల్లలకు అప్పగించిరి.

అయితే ఒక్క సంగతి గమనింపవలెను. శతకములో దెబ్బలు మంచమునకు. కథలో చావు పేనునకు. రెండుచోట్లను నేరము నల్లిది, శిక్ష దానికి చోటిచ్చినవారిది. నల్లి యున్న యిల్లు నీచమైన యిల్లనెడి భావము మనలో నింత లోఁతుగా నాటుకొనుటకు ఈ నీతులును కొంత తోడ్పడి యుండును. దేవుళ్లు సైతము నల్లికి జడిసియే మంచములు మాని కొండలను, పాలసముద్రమును ఆశ్రయించిరని చమత్కరించిన చాటుకవి యొక్కఁడే యీ నిందను పోఁగొట్టినవాఁడు. దేవుళ్లకే తప్పనిది మనకేల సిగ్గు?

ఈ పురుగునకు మనతోడి చుట్టఱికము మిక్కిలి ప్రాఁతది. గబ్బిలముల నాశ్రయించు నల్లులకును మనల నాశ్రయించినవానికిని దగ్గఱ సంబంధము కలదు. ఈజిప్టులో టెల్ ఎల్ అమర్నా అను ప్రాచీనపురము త్రవ్వినపుడు, కూలివాండ్ర గ్రామములో సుమారు 3350 సంవత్సరములనాఁటి నల్లుల యవశేషములు దొరకినవి. గ్రీకు ప్రహసనకర్త ఆరిస్టొఫనీసు క్రీస్తుపూర్వము 423లో ప్రదర్శించిన నాటకములో ఒక ముసలివానిని పడకమీఁద నల్లులచేఁ గఱపించి ప్రేక్షకులను నవ్వించెను. రోమకుఁడైన ప్లీనీ నల్లిని పాముకాటునకు మందుగాఁ బేర్కొనెను. ఈ మందు తిన్నవాఁడు ఏమయ్యెనో యూహించుకొనుఁడు. 1758లో లిన్నేయసు శీతలదేశముల నల్లికి శాస్త్రనామ మిచ్చెను. ఉష్ణదేశముల నల్లి దాని తోఁబుట్టువు వంటిది. దానికి 1803లో ఫాబ్రిషియసు పేరుపెట్టెను. మన దక్షిణదేశమున సామాన్యముగా నుండునది యీ రెండవదియే.

సూరతునగరమును 1689లో జూచిన ఓవింగ్టను అను ఆంగ్లమతాచార్యుఁడు 1696లో అచ్చువేసిన గ్రంథమున ఒక వింత వ్రాసెను. అచ్చటి వర్తకులు జీవకారుణ్యముచే గొడ్లకు, పక్షులకు వైద్యశాలలు పెట్టినట్లే నల్లులు మొదలగు పురుగులకుఁ గూడ నొక శాల పెట్టిరనియు, వాని యాహారమునకై అప్పుడప్పుడు ఒక పేదవానికి కూలి యిచ్చి రాత్రియంతయు మంచముమీఁదఁ బరుండఁ బెట్టుచుండిరనియు, కాటునకు తాళలేక లేచిపోకుండ కట్టివేయుచుండిరనియు అతఁడు చెప్పెను. పరదేశి వ్రాఁతలో అతిశయోక్తి యెంత కలదో చెప్పఁజాలము. కాని యది నిజమైనచో, పురుగుపైఁ జూపిన దయ ఆ పేదవానిపైఁ జూపలేదని యనక తప్పదు.

ఆ కాలముననే లండనునగరము నల్లికి కాణాచి యగుచుండెను. 1730లో జాన్ సౌతాలు అనునతఁడు నల్లులను గూర్చి యొక చిన్నపొత్తము ప్రకటించెను. అతఁడు జమైకాదీవిలో ఒక వృద్ధ నీగ్రోవలన నల్లిమందు సంపాదించి, లండనులో దానిని సాటిలేని ద్రవమని పేరుపెట్టి యమ్ముకొనుచుండెను. మందులోని దినుసులు మాత్రము చెప్పలేదు! 1666లోని మహాగ్నిప్రమాదమునకుఁ దరువాత నగరమును తిరిగి కట్టుటకై తెచ్చిన పరదేశపుఁ గొయ్యతో నల్లులు వచ్చినవని యతని వాదము. నల్లి లండనునకు అంతకుముందే తెలియును. అయినను ఆ మాట జనులకు రుచించెను. తమ యింటి నల్లి యెక్కడినుండియో వచ్చినదని యనుకొనుట యెవరికైనను ఊఱటయే. ధనికుల యిండ్లలోఁ గూడ నల్లు లుండెను. 19వ శతాబ్దిమధ్యమున హెన్రీ మేహ్యూ లండనులోని శ్రమజీవులను గూర్చి గ్రంథము వ్రాయునపుడు టిఫిను అను నల్లిసంహారకుని ప్రశ్నించి, అతని మాటలు వ్రాసికొనెను. అతఁడు రాణీగారి నల్లిసంహారకుఁడు! విక్టోరియారాణి పడకటింటికి తప్పని పురుగు మా వీధిలోని నాలుగు మిద్దెలకు తప్పలేదని యెవ్వరికైనను తలవంపు గలుగ నేల?

ఇరువదవ శతాబ్దిలో ఈ నింద పేదలపైఁ బూర్తిగాఁ బడెను. 1930 ప్రాంతములందు ఇంగ్లండులోని పురపాలకులు ఇఱుకువాడలను పడఁగొట్టి, అందలివారిని క్రొత్తయిండ్లకు పంపునపుడు వారి మంచములను, పెట్టెలను బండ్ల కెక్కించి విషవాయువుతో శుద్ధిచేయుచుండిరి. ఆ వాయువు హైడ్రోజన్ సయనైడు. ఒక్క పీల్పుతో ప్రాణము తీయఁగలది. నల్లులు చచ్చెడివి, నిజమే. కాని వీధియందఱు చూచుచుండఁగా తమ సామాను ఆ బండి యెక్కుట చూచిన గృహిణుల మనస్సు ఎట్లుండునో యేలెక్కలలోను ఎక్కలేదు.

నిందలోఁ జెన్నపట్టణమునకుఁ గూడ పాలున్నది. కాని యిక్కడ నిర్దోషి నల్లియే. కాలా అజారు అను ప్లీహజ్వరమునకు కారణమైన సూక్ష్మజీవిని 1903లో లీష్మను లండనునుండియు, డోనవను చెన్నపట్టణమునుండియు వెల్లడించిరి. అది రోగినుండి రోగికి ఎట్లు వ్యాపించునో తెలియదు. ఒకే యింటిలో ఒకరి వెనుక నొకరు పడుచుండిరి గనుక, పడకలోని పురుగుపై ననుమానము వచ్చెను. గిండీలోని కింగు ఇన్‌స్టిట్యూటులో పాటను అను వైద్యుఁడు నల్లులకు రోగుల నెత్తురు త్రాగించి, వాని కడుపులో ఆ సూక్ష్మజీవి పెరుఁగుటను 1907లో ప్రకటించెను. సాక్ష్యము బలముగాఁ దోఁచెను. ఇంకను పండ్రెండు, పదునైదేండ్లు ఈ త్రోవనే పలువురు పరిశోధకులు నడచిరి. తుదకు 1942లో స్వామినాథు, షార్టు, ఆండర్సను అనువారు అస్సాములో తమంతఁ దాము ముందుకు వచ్చిన మనుష్యులను కుట్టించి, దోషి యిసుక యీఁగ యని నిశ్చయముగా స్థాపించిరి. నల్లి తన కడుపులోనికి రోగబీజమును దీసికొనును గాని, మనకు తిరిగి యిచ్చినట్లు ఋజువు కాలేదు. నేఁటివఱకును నల్లికాటువలన మనుష్యులలో ఏరోగమైనను వ్యాపించినట్లు శాస్త్రజ్ఞులు నిర్ణయింపలేదు. దురద, గోకినచో పుండ్లు, నిద్రలేమి, మిక్కిలి యెక్కువైనచో పసివారికి రక్తహీనత — ఇవియే దాని నేరములు. ఇవి చిన్నవి కావు. అయినను లేనివానిని చేర్పఁబని లేదు.

ఇఁక డి.డి.టి. సంగతి. 1874లో జైడ్లరు అను రసాయనశాస్త్రజ్ఞుఁడు కూర్చి విడిచిన యీ పదార్థమునకు పురుగులను జంపు గుణ మున్నదని 1939లో స్విట్జర్లాండువాఁడైన పాల్ ముల్లరు కనిపెట్టెను. 1948లో నోబెల్ బహుమాన మందెను. గోడకు ఒకమాఱు కొట్టినచో నెలలతరబడి పనిచేయును. నల్లి దానిమీఁద నడచిన చాలును, చచ్చెడిది. పశ్చిమదేశములలో ఒక తరమువారు నల్లిని చూడకయే పెరిగిరి. మనదేశమున 1953లో జాతీయ మలేరియా నియంత్రణోద్యమము మొదలయ్యెను. 1958లో అది నిర్మూలనోద్యమముగా మాఱెను. దోమలకొఱకు వచ్చిన మందు నల్లులను గూడ నూడ్చివేసెను. మా యమ్మమ్మ చెప్పెడిది: “మొదట్లో ఆ మందు కొట్టేవాళ్లు వస్తే అరుగుమీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేవాళ్లమురా. ఎన్నాళ్లకో కంటినిండా నిద్రపట్టింది. తరవాత్తరవాత వాళ్లు కొట్టి వెళ్లిన రాత్రే నల్లులు గోడలమీదికి గుంపులుగా వచ్చేవి. ఇక మేమే తలుపులు వేసుకున్నాం.”

ఇది మా యమ్మమ్మ యొక్కతె యనుభవము కాదు. దేశమున పలుచోట్ల నిట్లే జరిగెను. గ్రామస్థులు మూఢులనియు, మేలు చేయవచ్చినవారిని త్రోలివేయుచున్నారనియు ఉద్యోగులు విసుగుకొనిరి. కాని మూఢులు గ్రామస్థులు కారు. 1947లోనే హవాయిదీవులలోని పెర్ల్ హార్బరు నౌకాదళపు బసలలో డి.డి.టి.కి చావని నల్లులు కనిపించినవి. వేయింట ఒకటి రెండు పురుగులు పుట్టుకతోనే మందునకు ఓర్చుకొనఁగలవైనచో, తక్కినవి చావఁగా అవియే మిగిలి సంతానము నించును. అట్టి నల్లులను మందు చంపదు సరిగదా, చిరాకు పెట్టి పగుళ్లనుండి బయటికిఁ దోలును. మా యమ్మమ్మ చూచినది సరిగా నదియే. ఆమెకు కారణము తెలియదు. ఆమె కన్ను మాత్రము తప్పు చూడలేదు. మందు దోషమును గృహిణి యజ్ఞానముగా లెక్కించి కొంతకాలము పోఁగొట్టుకొంటిమి. 1990 దాఁటినతరువాత ప్రపంచమంతటను నల్లులు మరల విజృంభించినవి. డి.డి.టి. తరువాత వచ్చిన పైరిత్రాయిడు మందులకుఁ గూడ అవి యలవాటుపడినవి. 2023లో పారిసునగరమున రైలుపెట్టెలలో, నాటకశాలలలో నల్లులున్నవని పుట్టిన కలవరము చదువరులకు జ్ఞాపకముండును.

మా యింటి సంగతి చెప్పెదను. కొన్నియేండ్లక్రిందట నేనొక ప్రాఁత టేకుమంచమును చౌకగా వచ్చినదని కొని తెచ్చితిని. నెలదినములకు మా యింటిదాని చేతులమీఁద దద్దురులు లేచినవి. నాకేమియు లేదు. “దోమలే” అని నేను. “దోమ వరుసగా కుడుతుందటండీ?” అని యామె. ఒకే పడకపైఁ బరుండిన యిద్దఱలో ఒకరికి కాటు పొంగుటయు, వేఱొకరికి గుర్తే లేకుండుటయు సర్వసాధారణమని నాకప్పుడు తెలియదు. గజ్జియేమో యని లేపనము రాయించితిని. గజ్జి దురద వ్రేళ్లసందులను, మణికట్లను బట్టును; నల్లికాటు బట్ట కప్పని చోటఁ బడును. తుదకు ఆమెయే పఱుపు కుట్టుకడ సిరాచుక్కలవంటి నల్లనిచుక్కలు చూపినది. తడిగుడ్డతోఁ దుడువఁగా అవి తుప్పువన్నెగాఁ బ్రాఁకినవి. అది జీర్ణమైన నెత్తురు. మంచపుకోడు బెజ్జములో దీపము వేసి చూడఁగా, పొరలువిడిచిన పలుచని చర్మములు, గసగసగింజలవంటి తెల్లని గ్రుడ్లు, లేఁత పసుపువన్నె పిల్లలు, బియ్యపుగింజకంటె కొంచెము పొట్టివై, కాగితమువలె పలుచనై, గోధుమవన్నెగల పెద్దవి కనఁబడినవి. నెత్తురు త్రాగిన పిమ్మట అవియే యుబ్బి నల్లనెఱుపగును.

ఆ రాత్రి మేము మొట్టమొదట చేసిన పని యేమి? తలుపులు మూసికొంటిమి. వత్తునన్న చుట్టములను రావలదని వ్రాసితిమి. రాత్రిపూట రహస్యముగా గోడలకు అంగటిమందు చిమ్మితిమి. నల్లులు పడకగది విడిచి తక్కిన గదులకుఁ జెదరినవి. ఇట్లు రెండునెలలు. ఒక మధ్యాహ్నము మా యింటిది పఱుపును మిద్దెమీఁదికి మోసికొని పోఁగా, ప్రక్కవాటాలోని యామె తన పఱుపుతో నక్కడనే నిలిచి యుండెను. ఇద్దఱును క్షణకాలము మాటాడలేదఁట. పిదప నామె, “మీ ఇంట్లో కూడానా, వదినగారూ?” అనెనఁట. వాటాలనడుమ నున్న గోడ యొక్కటే. దాని పగులుగుండ నల్లులు అటునిటు రాకపోకలు చేయుచుండఁగా, మేము మాత్రము ఒకరికొకరు తెలియకుండ దాఁచుకొనుచుంటిమి! ఆ దినమునుండి రెండిండ్లవారము కలిసి పనిచేసితిమి.

పని కష్టమే కాని వింత యేమియు లేదు. వేఁడికి మించిన మందు నల్లికి లేదు. అర్ధగంటకు మించి 55 డిగ్రీల సెంటిగ్రేడు వేఁడిమి తగిలినచో పెద్దవియు గ్రుడ్లును గూడ చచ్చును. బట్టలను మరుగునీళ్లలో వేసితిమి. కోళ్ల బెజ్జములలో, పట్టెల సందులలో మరుగునీళ్లు పోసితిమి. ఎండ మంచిదే కాని, దళసరి పఱుపు నడిమికి ఆ వేఁడి చేరదు. పురుగు నీడవైపు జరిగి తప్పించుకొనును. గోడపగుళ్లను సిమెంటుతోఁ బూడ్చితిమి. మంచమును గోడకు ఎడముగా జరిపి, కోళ్లక్రింద సబ్బునీళ్లు పోసిన డబ్బా లుంచితిమి. నునుపైన గిన్నె యొక్కటే చాలదు. మన యుష్ణదేశపు నల్లి దానిని ఎక్కివచ్చునని యీనడుమ పరిశోధకులు కనుఁగొనిరి. గ్రుడ్డు పొదిగి పిల్ల వెలువడుటకు వారము పదిదినములు పట్టును గనుక, పదిదినముల కొకమాఱు వంతున నాలుగుమాఱులు ఇదంతయు చేసితిమి. ఇల్లు తాళము వేసి వేసవికి పుట్టింటికిఁ బోయిన నల్లులు మాడి చచ్చునని కొందఱందురు. అవి నెలలతరబడి ఉపవాస ముండఁగలవు. బాల్కనుదేశముల గృహిణులు రాత్రి పడకచుట్టును చిక్కుడుజాతి ఆకులు పఱచి, వాని నూఁగులోని కొక్కెములకుఁ జిక్కుకొన్న నల్లులను తెల్లవాఱఁగనే కాల్చెడివారఁట. 2013లో అమెరికాలోని పరిశోధకులు ఆ యాకు నూఁగును పరీక్షించి, అది నల్లికాళ్లను గ్రుచ్చి పట్టుటను జూపిరి. ఇట్టిపనులు ఆఁడువాండ్ర చేతులలో ఎన్నితరములనుండి యుండెనో!

ఇప్పుడు మా బడి పిల్లవాని యింటికి వత్తము. మఱునాఁటి సాయంకాలము నేను వెదకికొని పోయితిని. తండ్రి కావలిపని చేయువాఁడు. ఒక్కటే గది, అయిదుగురు మనుష్యులు. నేనెందులకు వచ్చితినో చెప్పఁగనే తల్లి సిగ్గుతో మొగము ప్రక్కకుఁ ద్రిప్పుకొనెను. గూటిలో సగమువాడిన యొక సీసా కనఁబడెను. ప్రత్తిచేనికిఁ గొట్టుమందు! “రేపు పిల్లల్ని బయట పడుకోబెట్టి గదంతా కొడదామని తెచ్చానండీ” అని తండ్రి చెప్పెను. కిటికీ లేని యా గదిలో నేలపైఁ బాఁకు పసిబిడ్డ యొకతె కూడ నున్నది. చేనిమందు ఆరుబయలునకే, పడకటింటఁ గొట్టినచో చాప, బట్ట, కుండ అన్నింటిని అంటి యుండును. ధాన్యపుగిడ్డంగులలో వాడు అల్యూమినియం ఫాస్ఫైడు మాత్రలను నల్లులకై యింటఁ బెట్టువారును కలరు. తడి తగిలినంత దానినుండి పుట్టు ఫాస్ఫీను వాయువు గోడసందులగుండ ప్రక్కయింటివారిని గూడఁ జంపఁగలదు. నల్లి కుట్టినందుకు మంచమును కొట్టుట యెంతో నయము.

నేనక్కడ ఉపన్యాసము చేయలేదు. మా యింట రెండునెలలు తలుపులు మూసికొని కూర్చున్న కథ చెప్పితిని. తల్లి మొగము ఇటు తిరిగెను. “మీ ఇంట్లోనా అండీ!” అని యామె నవ్వినది. సీసాకు మూఁత బిగించి, తెచ్చిన యంగటికే యిచ్చివేయుటకు తండ్రి యొప్పుకొనెను. వచ్చు నాదివారమున పొయ్యిమీఁద పెద్దగంగాళ మెక్కించిరి. మా ప్రక్కవాటావారు తమకు మిగిలిన సిమెంటు ఇచ్చిరి. మంచమును ముందు కొట్టవలెనా, ముందు నీళ్లు పోయవలెనా యని పిల్లవాఁ డడిగెను. ఇంటిలోఁ గొట్టవలదని చెప్పితిని. ఆ యదటునకు అవి గదియంతయుఁ జెదరును. బయట బండమీఁద తెల్లనిబట్ట పఱచి కొట్టి, రాలినవానిపైఁ బోసి, పిదప బెజ్జములలోఁ బోయవలెను.

డబ్బాలలోఁ బడినవానిని లెక్కించు పని వాఁడు తనంతఁ దానే తీసికొనెను. మొదటి పదిదినములకు ఇరువదిమూఁడు, రెండవమాఱు తొమ్మిది, మూఁడవమాఱు రెండు. ఇవన్నియు లెక్కలపుస్తకపు చివరిపుటలో గీఁతలు గీచి వ్రాసి, నాకుఁ దెచ్చి చూపెను. నాలుగవ గడిలో సున్న వేసి, దాని ప్రక్కన “మళ్లీ పదిరోజులకు చూడాలి” అని వ్రాసికొని యుండెను.